చెయ్యి వేసే ముందు: కైరోప్రాక్టర్ దగ్గర మొదటి రోజు

(సభకు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరుసల దాకా వినబడుతోందా? సరే. ముందుగా ఒక్క మాట. నడుము నొప్పితో వచ్చినవాళ్లుంటే మధ్యలో లేచి నిలబడండి, గోడ పక్కన నాలుగడుగులు వేయండి. నడుము నొప్పి గురించి చెబుతూ మిమ్మల్ని కదలకుండా కూర్చోబెట్టడం నాకిష్టం లేదు.

విషయానికి వస్తాను. నడుమో మెడో పట్టేసింది, తగ్గట్లేదు. ఎవరో కైరోప్రాక్టర్‌కి, అంటే వెన్నుకి, కీళ్లకి చేత్తో చికిత్స చేసేవాళ్లకి, చూపించుకోమన్నారు. మీరు అపాయింట్‌మెంట్ తీసుకున్నారు. ఆ మొదటి రోజు లోపల ఏం జరుగుతుంది? ఏం జరగాలి? ఏం జరిగితే లేచి వచ్చేయాలి? ఇవాళ చెప్పేది ఇంతే.

మీలో ఎంతమంది ఫోన్లో ఆ వీడియోలు చూశారు? చెయ్యెత్తండి. చూశారా, సగం హాలు పైనే. మెడ పట్టుకుని గభాల్న తిప్పడం, టక్‌మని శబ్దం రావడం, పడుకున్న మనిషి హమ్మయ్య అనడం. అందులో మనకి కనబడేది ఐదు సెకన్లు. దానికి ముందు జరగాల్సిన నలభై నిమిషాలు మనకి కనబడవు. నేను మాట్లాడేది ఆ నలభై నిమిషాల గురించి. ఎందుకంటే, మొదటి రోజు కైరోప్రాక్టర్ చేయాల్సిన అసలు పని మీ వెన్ను సర్దడం కాదండీ. ఈ వెన్ను మీద చెయ్యి వేయొచ్చా, వేయకూడదా అని తేల్చుకోవడం. మళ్లీ చెబుతున్నాను, వేయొచ్చా వేయకూడదా. ఆ తేల్చుకోవడం సరిగా జరిగితే మిగతాదంతా దాదాపు సాఫీగా సాగుతుంది. అది జరక్కపోతే, చెయ్యి ఎంత మంచిదైనా ప్రమాదమే.

కొంచెం వెనక్కి వెళ్దాం, ఒక్క నిమిషం. 1895లో అమెరికాలో, అయోవా రాష్ట్రం డావెన్‌పోర్ట్ ఊళ్లో డి.డి. పామర్ అనే ఆయన ఈ వైద్యం మొదలుపెట్టారు. వెన్నుపూసలు చోటు తప్పి నరాలకి అడ్డుపడటమే దాదాపు అన్ని జబ్బులకీ మూలం అని ఆయన నమ్మకం. ఆ నమ్మకం పరీక్షకి నిలబడలేదు. మరి ఏం నిలబడింది? నడుము నొప్పికి, కొన్ని రకాల మెడ నొప్పికి, మెడ నుంచి పుట్టే కొన్ని తలనొప్పులకి చేత్తో చేసే ఈ చికిత్స కొంత ఉపశమనం ఇస్తుందన్నది నిలబడింది. 2017లో అమెరికా డాక్టర్ల సంఘం, అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్, కొత్తగా వచ్చిన నడుము నొప్పికి కాపడం, మసాజ్ వంటి వాటితో పాటు వెన్ను మానిప్యులేషన్‌ని, అంటే చేత్తో వెన్ను కీళ్లని కదిపే ఈ చికిత్సని కూడా ఒక మార్గంగా చెప్పింది. బ్రిటన్‌లో ఏ చికిత్స చేయొచ్చో సిఫారసు చేసే నైస్ సంస్థ 2016లో ఏమంది? చెయ్యొచ్చు, కానీ వ్యాయామంతో కలిపే చెయ్యాలి, ఒంటరిగా వద్దు అంది. ఉపశమనం ఎంత? 2017లో పదిహేను ప్రయోగాల ఫలితాలు కలిపి చూస్తే, 100 పాయింట్ల కొలతలో సుమారు 10 పాయింట్లు నొప్పి తగ్గింది. అంటే ఓ మోస్తరు మేలు. అద్భుతం కాదు, అలాగని ఏమీ లేదని కూడా కాదు. ఈ లెక్క మనసులో పెట్టుకుని వెళ్లండి. అక్కడ ఎవరైనా ఇంతకంటే చాలా పెద్ద మాట ఇస్తే మీకే తెలిసిపోతుంది.

వెళ్లే ముందు

మొదట, ఆ మనిషి అర్హత చూసుకోండి. కైరోప్రాక్టిక్‌కి చట్టబద్ధమైన రిజిస్ట్రేషన్ ఉన్న దేశాలున్నాయి, లేని దేశాలున్నాయి. ఉన్నచోట రిజిస్టర్‌లో పేరు ఉందో లేదో చూడొచ్చు. లేనిచోట ఎక్కడ చదివారు, ఎన్నేళ్లు చదివారు అని నేరుగా అడగండి. పూర్తి స్థాయి చదువు ఏళ్ల తరబడి ఉంటుంది, రెండు మూడు వారాంతాల్లో అయిపోయేది కాదు. అడిగితే కోప్పడేవాళ్ల దగ్గరికి వెళ్లనక్కర్లేదు.

బట్టలు వదులుగా ఉండాలి. టీషర్టు, సాగే ప్యాంటు అయితే మంచిది. జీన్స్ వద్దు. ఎందుకు? మోకాలు కడుపు వైపు వంచినప్పుడు బిగుసుకుంటుంది, దాంతో మీ తుంటి ఎంతవరకు వంగుతుందో తెలియదు. బెల్టు, మెడలో గొలుసు, చెవి రింగులు, జేబులో తాళాలు తీసి పెట్టుకునేలా వెళ్లండి. బోర్లా పడుకోవాల్సి వస్తుంది కాబట్టి కడుపు నిండా తిని వెంటనే వెళ్లొద్దు. అలాగని ఖాళీ కడుపుతోనూ వద్దు, కళ్లు తిరుగుతాయి.

పట్టుకెళ్లాల్సినవి. వాడుతున్న మందుల పేర్లు, అన్నీ. "బీపీ బిళ్ల ఒకటి, తెల్లది" అంటే సరిపోదండీ. పేరు, మోతాదు కావాలి. ముఖ్యంగా రక్తం పల్చబడే మందులు, వార్ఫరిన్ గానీ క్లోపిడోగ్రెల్ గానీ, ఇంకా నెలల తరబడి వాడిన స్టెరాయిడ్లు. స్టెరాయిడ్ ఎముకని గుల్ల చేస్తుంది. గుల్లబారిన ఎముక మీద బలంగా నొక్కితే విరుగుతుంది. పక్కటెముకలు, వెన్నుపూసలు అలాగే విరుగుతాయి. పాత ఎక్స్‌రేలు, ఎంఆర్ఐలు, వాటి రిపోర్టులు తీసుకెళ్లండి. వెన్నులో రాడ్లు, స్క్రూలు ఉన్నా, ఛాతీలో పేస్‌మేకర్ ఉన్నా, ఎప్పుడు ఏ ఆపరేషన్ జరిగినా కాగితం మీద రాసుకోండి.

ఇంకొకటి, ఇది చాలామంది చేయరు. మీ నొప్పి కథ నాలుగైదు లైన్లలో రాసుకుని వెళ్లండి. ఎప్పుడు మొదలైంది, ఏం చేస్తుండగా మొదలైంది, ఎక్కడ ఉంది, అక్కడే ఉంటుందా, కాల్లోకో చేతిలోకో దిగుతుందా? కూర్చుంటే ఎక్కువా, నిలబడితే ఎక్కువా? దగ్గితే, తుమ్మితే జివ్వుమంటుందా? రాత్రి పడుకున్నాక తగ్గుతుందా, లేక నిద్రలోంచి లేపుతుందా? ఎదురుగా కూర్చోగానే మనకి ఇందులో సగం గుర్తుకు రావు. "నడుము నొప్పండీ, చాలా రోజులైంది" అంటాం, అంతే. రాసిన కాగితం ఆ లోటు తీరుస్తుంది.

లోపలికి వెళ్లాక

మొదటి అపాయింట్‌మెంట్‌కి మామూలుగా 45 నిమిషాల నుంచి గంట పడుతుంది. తర్వాతి సిట్టింగులు పది, ఇరవై నిమిషాల్లో అయిపోతాయి. మొదటిరోజే పది నిమిషాల్లో అంతా ముగించి పంపేస్తున్నారంటే, నేను ఇందాక చెప్పిన తేల్చుకోవడం జరగలేదన్నమాట.

ముందు ఫారాలు ఇస్తారు. ఓ పావుగంట ముందే వెళ్లండి. వాటిలో నడుము నొప్పికి ఆస్వెస్ట్రీ అనే ప్రశ్నపత్రం ఉండొచ్చు. పది విభాగాలుంటాయి: బరువులెత్తడం, కూర్చోవడం, నడవడం, నిద్ర ఇలా. ఒక్కోదానికి 0 నుంచి 5 మార్కులు. మొత్తం 50కి ఎంత వచ్చిందో చూసి రెట్టింపు చేస్తే శాతం వస్తుంది. ఎక్కువ వస్తే ఇబ్బంది ఎక్కువ అని. ఎందుకింత వివరంగా చెబుతున్నాను? ఈ అంకె మీకే పనికొస్తుంది కాబట్టి. నాలుగు వారాల తర్వాత మళ్లీ నింపితే, కనీసం 10 పాయింట్లు తగ్గితే నిజంగా మేలు జరిగినట్టు లెక్క. "ఏమో, కొంచెం బాగానే ఉన్నట్టుందండీ" అనే అనుమానం ఉండదు. అందుకని మొదటిరోజు స్కోరు ఫోన్లో ఫోటో తీసుకోండి.

తర్వాత మాటలు. ఇక్కడే మీరు సిగ్గుపడకుండా ఉండాలి. వాళ్లు అడగబోయే కొన్ని ప్రశ్నలు నొప్పికి సంబంధం లేనివిగా కనబడతాయి. జ్వరం వస్తోందా? బరువు తగ్గారా, కారణం లేకుండా? ఎప్పుడైనా క్యాన్సర్ వచ్చిందా? మూత్రం సరిగా వస్తోందా? "నడుము నొప్పికి వస్తే మూత్రం గురించి ఎందుకు?" అనిపిస్తుంది. ఎందుకో చెబుతాను, ఇది ఇవాళ మీరు మరిచిపోకూడని సంగతి.

వెన్నుపాము నడుము పైభాగంలోనే ఆగిపోతుంది. అక్కడి నుంచి కిందికి నరాల గుత్తి ఒకటి దిగుతుంది. కాళ్లకి, మూత్రాశయానికి, మలద్వారానికి వెళ్లే నరాలు అందులోనే ఉంటాయి. వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్‌లోంచి పెద్ద ముక్క వెనక్కి జారి ఆ గుత్తిని నొక్కితే ఏమవుతుంది? మూత్రం ఆగిపోవచ్చు, లేదా తెలియకుండా పోవచ్చు. సైకిలు సీటు తగిలే చోటంతా, తొడల మధ్య, మర్మాంగాల చుట్టూ మొద్దుబారుతుంది. రెండు కాళ్లూ బలహీనపడతాయి. ఇది కైరోప్రాక్టర్ పని కాదు, ఫిజియోథెరపీ పని కాదు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి, అర్జెంటుగా ఎంఆర్ఐ, అవసరమైతే ఆపరేషన్. ఆలస్యమైతే మూత్రం మీద అదుపు శాశ్వతంగా పోవచ్చు. ఇంట్లో చెప్పుకోడానికే మొహమాటపడే విషయం, కొత్త మనిషికి ఎలా చెప్పాలి అనిపిస్తుంది, నిజమే. కానీ చెప్పాలి. వాళ్లు అడగకపోతే మీరే చెప్పాలి.

ఇంకా కొన్ని ఉన్నాయి. 50 దాటాక మొదటిసారి వచ్చిన తీవ్రమైన నడుము నొప్పి. జారిపడిన తర్వాతో, ప్రమాదం తర్వాతో మొదలైన నొప్పి. ఏ భంగిమలో పడుకున్నా తగ్గకుండా రాత్రంతా ఉండే నొప్పి. వీటిని ముందు డాక్టరు చూడాలి. కుర్రవాళ్లలో ఇంకో రకం ఉంటుంది: పొద్దున్నే అరగంటకి పైగా వెన్ను బిగుసుకుపోయి, తిరిగితే తగ్గి, విశ్రాంతి తీసుకుంటే పెరిగేది. ఇది కండరాల నొప్పి కాకపోవచ్చు, యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అనే కీళ్లవాతం కావచ్చు. అందులో వెన్నుపూసలు ఒకదానితో ఒకటి అతుక్కుపోవచ్చు. అతుక్కున్న వెన్ను పెళుసుగా ఉంటుంది, బలం పెడితే విరుగుతుంది. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే ఇంకో రకం కీళ్లవాతం ఉన్నవాళ్లకి మెడ పైభాగంలో కీలు వదులై ఉండొచ్చు. వాళ్ల మెడని గభాల్న తిప్పకూడదు. చూశారా, ఒక్కో ప్రశ్న వెనక ఒక్కో ప్రమాదం ఉంది. అందుకే ప్రశ్నలు ఎక్కువ అడిగేవాళ్లని విసుక్కోకండి.

ఇక పరీక్ష. నిలబెట్టి చూస్తారు, ముందుకి, వెనక్కి, పక్కలకి వంగమంటారు. మడమల మీద నాలుగడుగులు, మునివేళ్ల మీద నాలుగడుగులు వేయమంటారు. ఇది సరదాకి కాదు. మడమల మీద నడవలేకపోతే పాదాన్ని పైకెత్తే నరంలో బలహీనత ఉందని అనుమానం. మునివేళ్ల మీద లేవలేకపోతే పిక్కకి వెళ్లే నరంలో. మోకాలి కింద, మడమ వెనక చిన్న సుత్తితో తట్టి కాలు ఎగురుతుందా చూస్తారు. రెండు పాదాల మీదా దూదితో రాసి ఒకేలా తెలుస్తోందా అంటారు.

వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా ఒక్కో కాలూ నెమ్మదిగా పైకెత్తుతారు. ఇక్కడ మీరు సరిగా చెప్పడం ముఖ్యం. 30 నుంచి 70 డిగ్రీల మధ్య మోకాలి కిందికి, పిక్కలోకి, పాదంలోకి జివ్వున లాగితే నరం మూలంలో ఒత్తిడి ఉన్నట్టు అనుమానిస్తారు. తొడ వెనక మాత్రమే బిగుతుగా ఉంటే అది కండరం. రెండూ "లాగుతోందండీ" అనే అంటాం. ఎక్కడ లాగుతోందో వేలు పెట్టి చూపించండి. మెడ నొప్పి అయితే బీపీ చూడాలి, చేతుల బలం చూడాలి, కళ్లు తిరగడం, చూపు, మాట గురించి అడగాలి. తర్వాతే వేళ్లతో వెన్ను వెంట తడిమి ఎక్కడ నొప్పి, ఎక్కడ కదలిక తక్కువ అని వెతుకుతారు. ఎక్కడ ముట్టుకోబోతున్నారో ముందే చెప్పాలి. ఆడవాళ్లు గదిలో తోడుగా ఇంకొకరు ఉండాలని అడగొచ్చు, మగవాళ్లూ అడగొచ్చు. దానికి కారణం చెప్పాల్సిన పని లేదు.

ఎక్స్‌రే? చాలామంది "ఎక్స్‌రే తీయకుండా ఎలా చేస్తారు?" అంటారు. నిజానికి అందరికీ తీయడమే తప్పు. కొత్తగా వచ్చిన నడుము నొప్పికి, నేను చెప్పిన ప్రమాద సూచనలు లేకపోతే, మొదటి ఆరు వారాలు వెన్నుకి ఏ స్కానింగూ వద్దని అమెరికన్ కైరోప్రాక్టిక్ అసోసియేషనే 2017లో చెప్పింది. ఎందుకు వద్దు? రేడియేషన్ ఒక కారణం. ఇంకో కారణం దానికంటే పెద్దది. నొప్పి అసలే లేనివాళ్ల స్కాన్లు చూస్తే, 20 ఏళ్ల వయసులోనే 37 శాతం మందికి డిస్క్ అరుగుదల కనబడింది, 80 ఏళ్లవాళ్లలో 96 శాతం మందికి. నొప్పి లేనివాళ్లకే! మరి మీ ఫిల్మ్‌లో కనబడిన అరుగుదలే మీ నొప్పికి కారణమని ఎలా చెబుతారు? చెప్పలేరు. కానీ ఆ ఫిల్మ్ చూపించి "మీ వెన్ను చూడండి ఎలా వంకర పోయిందో" అని భయపెట్టి ఏడాది ప్యాకేజీ అమ్మడం తేలిక. అందుకని ఎక్స్‌రే అన్నప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: "ఇందులో ఏం కనబడితే మీరు చికిత్స మారుస్తారు?" సూటిగా జవాబొస్తే తీయించుకోండి.

ఇదంతా అయ్యాక, చెయ్యి వేసే ముందు, మీతో కూర్చుని చెప్పాలి. ఏమనుకుంటున్నారు, ఏం చేయబోతున్నారు, దాని వల్ల మేలెంత, ముప్పేంటి, వేరే దారులేమున్నాయి. ఏమీ చేయకపోతే ఏమవుతుందన్నది కూడా చెప్పాలి, ఎందుకంటే కొత్తగా వచ్చిన నడుము నొప్పి చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే నెమ్మదిస్తుంది. అప్పుడు మీరు సరే అనాలి. ఫారం మీద సంతకం పెట్టించుకోవడం వేరు, సరే అనిపించుకోవడం వేరు. "ఇవాళ చికిత్స వద్దు, ఆలోచించుకుని వస్తాను" అనొచ్చు. పరీక్ష చేసి, వివరం చెప్పి, మొదటిరోజు చికిత్స చేయకుండా పంపేవాళ్లూ ఉంటారు. డబ్బు దండగైందని అనుకోకండి, ఆ రోజు పని జరిగింది.

బల్ల మీద

బల్ల గురించి. ముఖం పెట్టుకోడానికి కన్నం ఉంటుంది, ముక్కలు ముక్కలుగా పైకీ కిందికీ కదులుతుంది. నడుముకైతే సాధారణంగా మిమ్మల్ని ఒక పక్కకి తిప్పి పడుకోబెడతారు. కింది కాలు చాచి, పై మోకాలు వంచి, చేతులు ఛాతీ మీద కట్టుకోమంటారు. ఒక చెయ్యి మీ భుజం దగ్గర, ఇంకో చెయ్యి నడుము కిందో తుంటి మీదో ఉంటుంది. కొంచెం కొంచెంగా తిప్పుతూ, ఇక తిరగదు అన్నచోట ఆపుతారు. అక్కడ ఒక చిన్న, వేగమైన నెట్టు. సెకనులో ఐదో వంతు కూడా పట్టదు. బలం కంటే వేగం ముఖ్యం, దూరం చాలా తక్కువ.

ఆ ఆపినచోటే మీరు చెప్పాల్సిన మాట ఉంది. నెట్టక ముందు ఒకట్రెండు సెకన్లు అలా పట్టుకుని "ఎలా ఉంది?" అని అడగాలి. ఆ భంగిమలోనే కాల్లోకి నొప్పి దిగితే, తిమ్మిరెక్కితే చెప్పేయండి. అక్కడ నెట్టకూడదు. అడగకపోయినా "ఆపండి" అనండి. ఎక్కువగా తేడా ఎక్కడ వస్తుందంటే, మనం భయంతో బిగుసుకుంటాం. బిగుసుకున్న కండరం మీద ఇంకాస్త బలం పెడతారు. దాంతో మర్నాడు నొప్పి ఎక్కువ కావచ్చు. ఊపిరి వదులుతూ ఉండండి. వదలలేకపోతున్నారా, భయంగా ఉందా? ఆ మాటే చెప్పండి, వేరే పద్ధతులున్నాయి.

ఏమిటవి? కుదుపు లేకుండా కీలుని నెమ్మదిగా అటూ ఇటూ కదిపే పద్ధతి ఒకటి. చేతిలో పట్టుకునే స్ప్రింగు పరికరంతో టిక్కుమని చిన్న దెబ్బ ఒకటి. బల్లలో ఒక ముక్కని ఒకట్రెండు సెంటీమీటర్లు పైకెత్తి, నొక్కగానే ధబ్బున దిగేలా చేసేది ఇంకొకటి. ఆ చప్పుడు బల్లది, మీ ఎముకది కాదు, ఉలిక్కిపడకండి. డిస్క్ నొప్పి ఉన్నవాళ్లకి బోర్లా పడుకోబెట్టి బల్ల కింది భాగాన్ని నెమ్మదిగా వంచుతూ సాగదీసే పద్ధతి ఉంది.

ఇప్పుడు టక్‌మనే ఆ శబ్దం. అది ఎముక చోటికి వెళ్లిన శబ్దం కాదు. కీలు లోపల జిగురు ద్రవం ఉంటుంది. కీలు గబుక్కున విడివడితే లోపల ఒత్తిడి తగ్గి గ్యాసు బుడగ ఏర్పడుతుంది. 2015లో కెనడాలో, ఆల్బర్టా విశ్వవిద్యాలయంవాళ్లు వేలి కణుపు విరుస్తుండగా ఎంఆర్ఐలో చూశారు, బుడగ ఏర్పడుతున్నప్పుడే ఆ శబ్దం వచ్చింది. అదే కీలు మళ్లీ టక్‌మనాలంటే ఓ ఇరవై నిమిషాలైనా ఆగాలి. శబ్దం వస్తే పని జరిగినట్టు కాదు, రాకపోతే జరగనట్టూ కాదు. శబ్దం రాలేదని మళ్లీ మళ్లీ అదేచోట నెట్టేవాళ్లని ఆపండి.

మెడ గురించి విడిగా చెప్పాలి. మెడ ఎముకల లోపలి నుంచే మెదడుకి రెండు రక్తనాళాలు వెళ్తాయి. అరుదుగా వాటి లోపలి పొర చీలుతుంది. చీలినచోట గడ్డకట్టిన రక్తం మెదడుకి పోతే పక్షవాతం. మెడ తిప్పడం వల్లే చీలిందా, లేక అప్పటికే చీలిక మొదలై ఆ నొప్పితోనే మనిషి కైరోప్రాక్టర్ దగ్గరికి వచ్చాడా అన్న వాదన ఇంకా ఉంది. మనకి ఏదైనా ఒకటే జాగ్రత్త. ముందెప్పుడూ ఎరగని మెడ నొప్పో తలనొప్పో హఠాత్తుగా వచ్చిందా? దానితో పాటు కళ్లు తిరగడం, ఒకటి రెండుగా కనబడటం, మాట ముద్దగా రావడం, ముఖంలో ఒకవైపు మొద్దుబారడం, మింగలేకపోవడం, నడకలో తూలడం, ఇందులో ఏది ఉన్నా కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్లొద్దు. ఆసుపత్రికి వెళ్లండి. చికిత్స తర్వాత గంటల్లో గానీ కొన్ని రోజుల్లో గానీ ఇవి వచ్చినా అంతే. ఇక "నా మెడని గభాల్న తిప్పొద్దు" అని మొదటి నిమిషంలోనే చెప్పే హక్కు మీకుంది. చెప్పండి. మెడ నొప్పికి కుదుపు లేని పద్ధతులు, వ్యాయామాలు ఉన్నాయి. కాదు, తిప్పాల్సిందే అని పట్టుబట్టేవాళ్ల బల్ల దిగేయండి.

అయ్యాక, బల్ల మీంచి గబుక్కున లేవకండి. పక్కకి ఒత్తిగిలి, కాళ్లు కిందికి దించి, చేత్తో నెట్టుకుని లేవండి. రెండు నిమిషాలు కూర్చోండి. ఆ రోజు రాత్రో మర్నాడో నొప్పి కొంచెం పెరగొచ్చు, ఒళ్లు బిగుసుకోవచ్చు, తలనొప్పి రావొచ్చు. సగం మందికి పైనే ఇలా ఏదో ఒకటి ఉంటుంది. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో పోతుంది. "విషాలు బయటికి పోతున్నాయి" అని ఎవరైనా చెబితే నమ్మకండి, అది కండరాలు, కీళ్ల నొప్పే. గుడ్డలో చుట్టిన ఐసు గానీ వేడి కాపడం గానీ, ఏది హాయిగా ఉంటే అది, పావుగంట పెట్టుకోండి. ఆ రోజు బరువులెత్తకండి, కానీ మంచం ఎక్కకండి. నడవండి. కొత్తగా తిమ్మిరి, కాల్లో బలం తగ్గడం, మూత్రం ఇబ్బంది వస్తే మాత్రం ఫోన్లతో కాలం గడపొద్దు, ఆసుపత్రికే.

తర్వాత ఎన్నిసార్లు రమ్మంటారు? వారానికి ఒకట్రెండుసార్లు, కొన్నిచోట్ల మూడు, ఓ రెండు నుంచి నాలుగు వారాలు. ఆ తర్వాత మళ్లీ కొలవాలి. మొదటిరోజు నింపిన ఆస్వెస్ట్రీ ప్రశ్నపత్రం గుర్తుందా? అదే మళ్లీ నింపాలి. ఏమీ కదలకపోతే దారి మార్చాలి, ఇంకో ఇరవైసార్లు రమ్మనడం కాదు. మొదటిరోజే 40, 50 సిట్టింగులకి ముందుగా డబ్బు కట్టమంటే కట్టకండి. మీ వెన్ను ఎలా స్పందిస్తుందో ఇంకా ఎవరికీ తెలియని రోజది. ఇంట్లో చేసుకోవడానికి ఒకటి రెండు వ్యాయామాలు మొదటిరోజు నుంచే ఇవ్వాలి. ఇవ్వకపోతే అడగండి. ఉబ్బసం, షుగరు, పిల్లల చెవిపోటు, పక్క తడపడం వంటివి వెన్ను సర్దితే తగ్గుతాయని చెబితే, దానికి ఆధారం లేదు. మీ డాక్టరు రాసిన మందు మానేయమని చెప్పే అధికారం వాళ్లకి లేదు.

ఏదో అడుగుతున్నారమ్మా? గర్భిణులు వెళ్లొచ్చా అని. రక్తస్రావం, నొప్పులు లాంటివేమీ లేకుండా, మీ డాక్టరుకి చెప్పి అయితే వెళ్లొచ్చు. కానీ నెలలు నిండుతున్నకొద్దీ బోర్లా పడుకోలేరు, వెల్లకిలా ఎక్కువసేపు ఉండకూడదు. పొట్ట దగ్గర ఖాళీ వచ్చే బల్ల ఉందా, పక్కకి పడుకోబెట్టే చేస్తారా అని ఫోన్లోనే అడగండి.

ఆ చివర బాబు, డిస్క్ జారిందన్నారు, చేయించుకోవచ్చా అంటున్నారు. కాల్లో నొప్పి మాత్రమే ఉంటే, పరీక్షలో బలం బాగుంటే, నెమ్మదైన పద్ధతులు ప్రయత్నించొచ్చు. పాదం జారిపోతోంది, చెప్పు జారుతున్నా తెలియట్లేదు, రోజురోజుకీ బలం తగ్గుతోంది అంటే మాత్రం ముందు వెన్ను సర్జన్‌కి చూపించుకోవాలి.

పెద్దాయన అడిగింది కూడా మంచి ప్రశ్నే. మెడ ఇంట్లో నేనే విరుచుకుంటాను, తప్పా? మనం విరుచుకున్నప్పుడు బిగుసుకున్న కీలు కదలదండీ, పక్కనున్న వదులు కీలే మళ్లీ కదులుతుంది. కాసేపు హాయిగా ఉంటుంది, మళ్లీ పట్టేస్తుంది, మళ్లీ విరుస్తాం. ఇంట్లోవాళ్లతో తిప్పించుకోవడం అసలే వద్దు. దానికి బదులు కూర్చుని తలని కుడికి, ఎడమకి, నొప్పి మొదలయ్యేచోటి వరకే, నెమ్మదిగా, పదేసిసార్లు తిప్పండి, రోజుకి మూడు నాలుగు విడతలు. వారం పది రోజుల్లో తగ్గకపోయినా, చేతిలోకి దిగినా చూపించుకోండి. రిపోర్టులు తెచ్చుకున్నవాళ్లు ఇటు పక్కకి రండి, ఒక్కొక్కరివీ చూద్దాం.